దడి కట్టేదెవరు? హద్దు ఎవరిది?

కోట ఎవరు కట్టించారో చరిత్ర పుస్తకాలు చెప్తాయి. ఆ కోట గోడకి ఏటేటా మన్ను మెత్తిందెవరో, సున్నం పూసిందెవరో చెప్పవు. కట్టటం ఒక్కసారి జరిగే పని. దానికో తేదీ వుంటుంది, కట్టించినవాడి పేరు వుంటుంది, ఒక్కోసారి శాసనం కూడా వుంటుంది. కట్టినదాన్ని కూలిపోకుండా నిలబెట్టటం మాత్రం ప్రతి వానకీ, ప్రతి పండక్కీ చెయ్యాల్సిన పని. దానికి తేదీ లేదు కాబట్టి చరిత్రలో చోటూ లేదు. ఆ పనిలో పెద్దభాగం ఆడవాళ్ళది కావటం కాకతాళీయం అనుకుందామా? నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇంటి చుట్టూ వుండే దడి, కంప, మట్టిగోడల కథని పట్టుకుని కాస్త వెనక్కి నడిస్తే జవాబు దొరుకుతుంది.

మనది మెట్ట ప్రాంతం. పలకలు కొట్టి రంగులు వేసిన పొడవాటి కొయ్య కంచెలు కట్టుకునేంత కలప ఇక్కడి సామాన్యులకి ఏనాడూ లేదు. దొరికినవల్లా తుమ్మ, రేగు, ఈత, తాటి, చేను కోశాక మిగిలే కందికట్టె, జొన్నసొప్ప. నాలుగడుగులకో గుంజ పాతి, అడ్డంగా కర్రలు కట్టి, వాటికి కట్టెనో కమ్మలనో వరసగా నిలబెట్టి, ఈతనారతోనో తాటినారతోనో బిగిస్తే దడి. పాతే ముందు గుంజ మొదలుని నిప్పుల్లో కాల్చి నల్లబరుస్తారు. అలా చేస్తే చెదలు తొందరగా పట్టవని నమ్మకం. అయినా ఎర్రనేలలో చెదలకి కొదవేముంది? రెండు వానాకాలాలు గడిచేసరికి గుంజ నేల దగ్గర పుచ్చిపోతుంది. కట్టె పొడిబారి విరుగుతుంది, నార తెగుతుంది. రోహిణి కార్తె ఎండల్లో, మృగశిర చినుకులు పడకముందే దడి మళ్ళీ కట్టుకోవాలి.

ఈ పనిలో గుంజలు పాతటం మగవాళ్ళ వంతు. ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. చేలోంచి కందికట్టె మోపులు మోయటం, ముళ్ళు గుచ్చుకుంటుంటే కంప ఈడ్చుకురావటం, వూడిన కట్టు మళ్ళీ కట్టటం, మేక దూరిన సందుని ఆ పూటకే కంపతో మూయటం ఆడవాళ్ళ వంతు. ఇది ఏడాది పొడవునా సాగుతుంది. మట్టిగోడ వుంటే పనికి అంతే వుండదు. ఎర్రమన్ను తొక్కి నెర్రెలు పూడ్చాలి, పేడతో అలకాలి, జాజు పూయాలి, కింద సున్నంతో పట్టీ దియ్యాలి. జాజు పూత కంటికి ఇంపుగా వుండేందుకే కాదు. ఏటా కొత్త పొర పడుతుంటేనే మట్టిగోడ వానకి కరగకుండా నిలుస్తుంది. ఇంటి ఆడవాళ్ళు చేసే పనిని మనం "అలంకరణ" అంటాం. అదే పని మేస్త్రీ చేస్తే "మరమ్మతు" అంటాం. కూలి వచ్చేది రెండోదానికే.

"ఇల్లలకగానే పండగ కాదు" అని సామెత. నిజమే, కానీ అలక్కుండా వచ్చిన పండగ ఏదైనా వుందా? పి. సత్యవతి "ఇల్లలకగానే" కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. మన ప్రాంతపు చరిత్రలో జరిగింది కూడా అదే. అలికిన చేతుల పేర్లు మరుపున పడిపోయాయి.

ఇంటి దడి నుంచి దొర గడికి వద్దాం. నిజాం కాలంలో దేశ్‌ముఖుల గడీల చుట్టూ ఎత్తయిన ప్రహరీలుండేవి. వూళ్ళో ఒక్కో కులానికీ ఒక్కో వెట్టి. ఆ చాకిరీ లేకుండా గడిలో పొయ్యి వెలిగేది కాదు, వాకిలి వూడ్చేది కాదు. గోడకి బయట ఈ వెట్టి ఆడవాళ్ళు. గోడ లోపల దొరసానులు ఘోషాలో. వాళ్ళకి సేవ చెయ్యటానికి పెళ్ళిలో దొరసాని వెంట పంపిన ఆడబాపలు. ఒకే గోడ ముగ్గురు ఆడవాళ్ళని మూడు రకాలుగా కట్టేసింది. అయితే ముగ్గురి బాధా ఒకటే అనటం తప్పు. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో సంఘం ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ వూరి గడిలో వుండి పెత్తనం చేసింది విసునూరు దేశ్‌ముఖు తల్లి జానమ్మ. గోడ లోపల వున్న స్త్రీ అయినంత మాత్రాన ఆమె గోడకి బయటి స్త్రీల పక్షం కాలేదు. ఇది స్త్రీవాదులం మనం దాటవెయ్యకూడని సంగతి.

తెలంగాణలో కంచె అంటే మేత భూమి కూడా. దొర కంచెలో పేదింటి గొడ్డు పడితే బందెలదొడ్డికి తోలేవాళ్ళు. జరిమానా కడితేనే విడిచేది. పేదవాడి చేలో దొర పశువులు పడితే అడిగే దిక్కు లేదు. అంటే కంచె ఒకవైపు నుంచే పనిచేసేది. పాలకుర్తి చాకలి ఐలమ్మ ఎదురు తిరిగింది సరిగ్గా అక్కడే. కౌలుకి తీసుకుని పండించిన పంటని విసునూరు దొర మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం అండతో నిలబెట్టుకుంది. వెట్టి చెయ్యాల్సిన కులంలో పుట్టిన స్త్రీ, ఈ చేను హద్దు నాది అనటం ఆనాటికి చిన్న మాట కాదు.

తర్వాతేమైంది? 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటాన్ని విరమించారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"లో ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ఆ తర్వాతి రోజుల గురించి కూడా చెప్పారు. తుపాకులు పట్టినవాళ్ళు, కొరియర్లుగా అడవుల్లో తిరిగినవాళ్ళు మళ్ళీ ఇళ్ళకే వెళ్ళాల్సి వచ్చింది. హద్దు కోసం కొట్లాడినవాళ్ళకి దక్కింది హద్దు కాదు, మళ్ళీ ఇల్లూ వాకిలీ అలికే పనే.

భూమి హక్కు సంగతీ ఇంతే. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ చేసి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. అంతకుముందే పెళ్ళయిన ఆడపిల్లలకి వర్తించలేదు. దేశం మొత్తానికీ ఈ హక్కు రావటానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సెప్టెంబర్ 5 తర్వాత అయిదు రోజులకి, 10వ తేదీన ఐలమ్మ కన్నుమూసింది. చట్టం వచ్చినా పుట్టింటి భూమిలో వాటా అడిగిన ఆడపిల్లని అత్యాశపరురాలిగా చూడటం పోలేదు. దడి కట్టటానికి రమ్మంటే మాత్రం ఎవరూ తప్పుపట్టరు.

పాలమూరు కథ మరో రకం. వానలు మొహం చాటేసే ఆ నేల నుంచి తరాలుగా జనం గుంపు మేస్త్రీల వెంట వలస పోయారు. "పాలమూరు లేబర్" అన్న మాట దేశమంతా తెలుసు. 1955లో పునాది పడి 1967లో నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్ లాంటి ఆనకట్టలకి రాళ్ళూ మట్టీ మోసినవాళ్ళలో ఆడవాళ్ళూ వున్నారు. వాళ్ళు లోకానికి గోడలు కడుతుంటే వాళ్ళ ఇంటి దడి వూళ్ళో ఒరిగిపోయేది. వాకిట్లో కంప అడ్డం వేసి వెళ్ళిన కుటుంబం, వానలకి ముందు తిరిగొచ్చాక చేసే మొదటి పని ఆ కంప తీసి దడి సవరించుకోవటం. ఆ పని ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

ఇదే పని మగపిల్లాడు చేస్తే సాహిత్యమవుతుంది. మార్క్ ట్వేన్ 1876లో రాసిన "టామ్ సాయర్"లో అందరికీ గుర్తుండేది కంచెకి వెల్ల వేసే ఘట్టం. ముప్పై గజాల పొడవున్న చెక్క కంచె అది. పోలీ పిన్ని శిక్షగా అప్పజెప్పిన పనిని టామ్ ఆటగా మార్చి స్నేహితుల చేత చేయిస్తాడు, పైగా వాళ్ళ దగ్గర బహుమానాలు పుచ్చుకుంటాడు. చదివి మనమూ నవ్వుకుంటాం. కానీ రోజూ ఆ పని చేసే ఆడపిల్ల మీద అంత నవ్వు పుట్టించే కథ ఎవరూ రాయలేదు. ఆమెకి అది శిక్ష కాదు మరి, "ధర్మం".

రంగులకి కూడా రాజకీయం వుంది. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెల్ల సీసం మీద ఒక ఒడంబడిక చేసింది. పరిశ్రమ స్థాయి రంగుల పనిలో, తెల్ల సీసం వాడే చోట ఆడవాళ్ళనీ, 18 ఏళ్ళు నిండని అబ్బాయిలనీ పెట్టుకోకూడదంది. సీసం గర్భంలోని బిడ్డకీ చేరుతుంది కాబట్టి భయం నిజమే. కానీ వయసొచ్చిన మగవాళ్ళకీ అది విషమే. ఆడవాళ్ళని కూలి వచ్చే పని నుంచి తప్పించిన ఆ రక్షణ, ఇంట్లో కూలి లేకుండా పాత రంగు గీకి, దుమ్ము వూడ్చే ఆడవాళ్ళ దాకా రాలేదు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకి పరిమితం చేసే నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమలయ్యాయి. అంతకుముందు గేట్లకీ కిటికీలకీ వేసిన ఎనామిల్ పూతలు పాత ఇళ్ళలో ఇంకా వుండొచ్చు. వాటిని పొడిగా గరుకు కాగితంతో రుద్దకుండా తడిపి రుద్దాలనీ, పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా వుంచాలనీ మనం ఒకరికొకరం చెప్పుకోవాలి.

2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించారు. మగవాళ్ళలో ఇంటి పని చేసేవాళ్ళే తక్కువ. చేసేవాళ్ళు వెచ్చించింది 97 నిమిషాలు. లెక్క వచ్చింది, మంచిదే. ఈ లెక్కలో గోడ అలకటం ఏ కిందికి వస్తుంది? శుభ్రతా, మరమ్మతా? దడి కట్టటం ఇంటి పనా, వ్యవసాయమా? పేరు సరిగ్గా పెట్టకపోతే విలువ కట్టటం కుదరదు.

ఇవాళ దడుల చోట ఇటుక గోడలు, ఇనుప గేట్లు వస్తున్నాయి. ముళ్ళు గుచ్చుకోని చేతులు మన ఆడపిల్లలకి రావాల్సిందే. దడి పోయిందని బాధపడనక్కర్లేదు. కానీ కొత్త గోడ కట్టేటప్పుడు స్థలం కాగితాలు ఎవరి పేరున వున్నాయో చూడండి. అమ్మనో అత్తనో కూర్చోబెట్టి, మన దడి ఏ కట్టెతో కట్టేవాళ్ళు, జాజు ఎక్కడినుంచి తెచ్చేవాళ్ళు, ఎన్నేళ్ళు చేశావు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. రాసేటప్పుడు ఆమెని ఫలానావాళ్ళ భార్య అనకుండా ఆమె పేరుతోనే రాయండి.