వేలిముద్ర నుంచి ముఖముద్ర దాకా

మనిషిని గుర్తుపట్టడానికి అతని ఒంటి గుర్తులను వాడుకోవడం సర్కారుకు కొత్త కాదు. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర ఒక కాంట్రాక్టరుచేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు, రేపు మాట తప్పకుండా. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. కుప్పలుగా చేరిన ముద్రలలో కావలసినది వెతికేదెట్లా? వాటిని 1024 గళ్ళలో సర్దే లెక్క కట్టినవాడు ఖాజీ అజీజుల్ హక్ అనే పోలీసు ఉద్యోగి. హేమచంద్ర బోసు కూడా ఆ పనిలో పాలుపంచుకున్నాడు. పద్ధతి మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో లోకమంతా చెలామణి అయింది. ఇది మన పిల్లలకు చెప్పదగిన సంగతి.

అదే జమానాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కూడా నడిచింది. కొన్ని జాతులవారిని పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టుకున్నారు. తెలుగునాట ఎరుకలవారిని స్టువర్టుపురం సెటిల్మెంటులో ఉంచారు. ఆ చట్టం 1952లో గాని పోలేదు. గుర్తుపట్టే విద్య ఎంత గొప్పదైనా, ముందే అనుమానం పెట్టుకున్నవాని చేతిలో అది ఏమవుతుందో ఈ చరిత్ర చెబుతున్నది.

నేడు వేలికి తోడు ముఖం వచ్చింది. 2018 ఆగస్టులో తెలంగాణ పోలీసులు తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాన్ని గుర్తించే ఏర్పాటు చేర్చారు. యంత్రం ముఖం కొలతలను అంకెలుగా మార్చి రికార్డులోని ఫోటోలతో పోల్చుతుంది. "ఇతడే" అని చెప్పలేదు; పోలిక ఎంత ఉందో చెబుతుంది, అంతే. వేలిముద్ర ఇచ్చేటప్పుడు మనకు తెలుస్తుంది. ముఖాన్ని దూరం నుంచి, మనకు తెలియకుండానే తీసుకోవచ్చు.

మన మేడ్చల్ జిల్లాకు ఇది త్వరగానే వచ్చింది. 2020 జనవరి 22న పురపాలక ఎన్నికలలో అప్పటి కొంపల్లి మునిసిపాలిటీలో 10 పోలింగు కేంద్రాలలో దొంగ ఓట్లు ఆపడానికని ఓటర్ల ముఖాలను యంత్రంతో సరిచూశారు. నేరస్థుల కోసమన్న విద్య మామూలు ఓటరు దాకా రావడానికి రెండేళ్ళు కూడా పట్టలేదు.

మేలు లేదనరాదు. తప్పిపోయిన పిల్లలను ఇల్లు చేర్చడానికి పోలీసుల "దర్పణ్" సాధనం పనికివచ్చింది. కాని పొరపాటు జరిగితే? 2019లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ పరీక్షించగా, చాలా సాధనాలు తెల్లవారి ముఖాలకంటే ఆసియా, ఆఫ్రికా సంతతివారి ముఖాల విషయంలో 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఒకరిని మరొకరనుకున్నాయి. మన పక్కనున్న మెదక్‌లో 2023లో గొలుసు దొంగతనం కేసులో, సీసీటీవీలోని మనిషి పోలికలున్నాయని ఒక ముస్లిం కూలీని పట్టుకున్నారు. విడిచిపెట్టిన తరువాత ఆయన ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని చనిపోకముందే ఆయన చెప్పాడు. హైకోర్టు తానుగా విచారణకు తీసుకుంది. అక్కడ పొరబడింది మనిషి కన్నే. అదే పోలికను రేపు యంత్రం చెబితే, ఎదురుచెప్పేవాని మాట ఎవరు వింటారు?

ఈ ప్రశ్ననే హైదరాబాదు సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకు తీసుకెళ్ళారు. 2021లో పోలీసులు ఆయనను రోడ్డు మీద ఆపి, వద్దన్నా ఫోటో తీశారు. ఆయన పిటిషన్ మీద 2022 జనవరిలో హైకోర్టు సర్కారుకు నోటీసు ఇచ్చింది. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లోనే తీర్పు చెప్పింది. దానిలో సర్కారు జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించరాదు. ముఖ గుర్తింపు కోసమే చేసిన ప్రత్యేక చట్టం మాత్రం దేశంలో లేదు.

సోదర సోదరీమణులారా! అతిగా అనుమానించడం, ఇతరుల గుట్టు వెతకడం కూడదని సూరా హుజురాత్ మనకు నేర్పింది. రాజ్యాంగమూ మనకు రక్షణ ఇచ్చింది. అరెస్టుకు కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటలలో మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. ఇది ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. డాక్టరు, ఇంజనీరు అని కలలు కనే తల్లిదండ్రులు ఒక్క బిడ్డనైనా ఆ గేటు వైపు నడిపించండి. ముద్రల లెక్క కట్టిన కౌమ్‌లోనే హక్కుల లెక్క అడిగేవారూ పుట్టాలి.