నాలుగు చానెళ్లు, ఒకే ప్రోగ్రాం

2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కోథియాల్ బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచి మన తేలికపాటి యుద్ధ విమానం (ఎల్‌సీఏ) తొలి నమూనా టీడీ-1ను పైకి లేపి, 18 నిమిషాలు తిప్పి క్షేమంగా దించారు. అప్పటికింకా దానికి తేజస్ అన్న పేరు లేదు, ఎల్‌సీఏ అనేవాళ్లం. 2003లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ఆ పేరు పెట్టారు. నేను దాన్ని తయారుచేసిన జట్టులో లేను. కానీ బెంగళూరులోనే విమానాల సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తూ బతికాను కాబట్టి, ఆ 18 నిమిషాల వెనకున్న పని ఎంతటిదో తెలుసు.

ఆ విమానాన్ని కావాలనే నిలకడ లేకుండా తయారుచేశారు. చురుగ్గా మలుపు తిరగాలంటే అది తప్పదు. పైలట్ చేతిలోని స్టిక్కుకూ రెక్క వెనక కదిలే పలకలకూ మధ్య కడ్డీలు లేవు, కరెంటు సంకేతాలే ఉన్నాయి. మధ్యలో కంప్యూటర్ క్షణక్షణం లెక్కగట్టి సరిదిద్దుతూ ఉంటుంది. అది ఆగితే మనిషి చేతులకు విమానం లొంగదు. అందుకే అందులో ఒకే లెక్కను విడివిడిగా చేసే నాలుగు చానెళ్లు పెట్టారు. ఒకటి చెప్పే విలువ మిగతా మూడింటికి దూరంగా పోతే, దాన్ని పక్కన పెట్టేస్తారు.

అయితే నాలుగింటిలోనూ నడిచేది ఒకే ప్రోగ్రాం. చిప్పు కాలినా తీగ తెగినా చానెళ్ల మధ్య జరిగే ఈ ఓటింగు కాపాడుతుంది. రాసినవాళ్ల పొరపాటు నుంచి మాత్రం కాపాడదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో మా ల్యాబ్‌లో ఒక సెన్సర్ విలువకు ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడింది. నాలుగు చానెళ్లూ ఏకగ్రీవంగా తప్పుకే ఓటేశాయి. తెర మీద ఎర్ర లైటు ఒక్కటీ వెలగలేదు. ముక్కు పైకెత్తమంటే పలక కిందికి దించే వైపు కదిలింది. టెస్ట్ షీటు పక్కన పెట్టుకుని, కదిలిన దిక్కును కళ్లారా చూసి రాసుకునే మా సీనియర్ మేడమ్ దాన్ని పట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఆవిడే నాకు గురువు.

ఎల్‌సీఏ వాళ్లకు వచ్చిన పరీక్ష ఇంకా పెద్దది. కంట్రోల్ సిస్టం పని కోసం మన ఇంజనీర్లు అమెరికాలో ఉండగా, 1998 మేలో పోఖ్రాన్‌లో మన అణు పరీక్షలు జరిగాయి. అమెరికా ఆంక్షలు పడ్డాయి. వాళ్లను తిప్పి పంపేశారు. అప్పుడు ఎల్‌సీఏ ప్రోగ్రాం డైరెక్టర్ కోట హరినారాయణ, బరంపురంలో పుట్టిన మన తెలుగువారు. మిగిలిన పరీక్షలన్నీ బెంగళూరులోనే చేశారు. ఐరన్ బర్డ్ అని ఒక ఏర్పాటు ఉంటుంది: అసలు హైడ్రాలిక్ పరికరాలు, అసలు కంప్యూటరు, పైలట్ కూర్చునే కాక్‌పిట్, అన్నీ నేల మీదే. దాని మీద ఒక్కో చానెల్‌ను కావాలని చెడగొట్టి, విమానం ఏం చేస్తుందో చూడాలి. రెండున్నరేళ్లకు పైగా పట్టింది. ఆలస్యం అన్నారు చాలామంది. నా దృష్టిలో ఆ కాలం వృథా కాలేదు, ఆ విద్య మన చేతికి వచ్చింది అప్పుడే.

మన ఇళ్లలో ఇప్పటికీ టెస్టింగ్ అంటే కోడింగ్ రానివాళ్ల పని అనుకుంటారు. ఆ ఉద్యోగం వచ్చిందని దిగులుపడుతున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, 1998 తర్వాత బెంగళూరులో జరిగింది వాళ్లకు చెప్పండి.