కాగితం మీద మన ముఖాలు: గ్రూప్ ఫొటో నుంచి ఇంటి ప్రింటర్ దాకా

స్వర్ణోత్సవ సంచిక కోసం మన పూర్వ విద్యార్థులు పంపిన పాత ఫొటోలను సంవత్సరాల వారీగా పేర్చి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. అన్నిటికంటే పాతవైన నలుపు తెలుపు గ్రూప్ ఫొటోలలో కుర్చీల్లో కూర్చున్న సార్ల ముఖాలు, నేల మీద కూర్చున్న పిల్లల అంగీ గుండీలు కూడా ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన రంగుల ఫొటోలు చాలావరకు ఎర్రబారిపోయాయి. ఇక గత పది పదిహేనేళ్ల బ్యాచ్‌లవి అసలు కాగితం మీదే లేవు, అవి ఫోన్లలో ఉన్నాయి. అంటే కాలం గడిచినకొద్దీ ఫొటో చవకైంది, అందరికీ అందింది, కానీ నిలకడ తగ్గింది. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకుంటే, ఇప్పుడు చాలామంది అడుగుతున్న "ఇంటికి ఫొటో ప్రింటర్ కొనాలంటే ఏది మంచిది?" అనే ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

గుడ్డు సొన మీద నిజాం దర్బారు

ప్రపంచానికి ఫొటోగ్రఫీ 1839లో పరిచయమైంది. కాగితం మీద ఫొటో విరివిగా రావడం మాత్రం 1850లో ఫ్రాన్స్‌కు చెందిన బ్లాంకార్ ఎవ్రార్ ఆల్బుమెన్ పద్ధతిని ప్రకటించిన తర్వాతే. కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి ఆరబెట్టి, దాని మీద వెండి లవణం పట్టించి, గాజు నెగెటివ్ కింద పెట్టి ఎండలో ఉంచేవారు. నెగెటివ్ ఎంత ఉంటే ఫొటో అంతే వచ్చేది.

మన ప్రాంతంలో ఆ పద్ధతికి గొప్ప పేరు తెచ్చినవారు లాలా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో కొలువు చేస్తూ కెమెరా పట్టిన ఆయన, తర్వాత ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా నడిపారు. నిజాం నుంచి రాజా, ముసవ్విర్ జంగ్ బిరుదులు పొంది, 1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగెటివ్‌లు రెండువేల ఎనిమిది వందలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. నూరేళ్లు దాటినా ఆ బొమ్మలు మిగిలాయంటే కారణం రెండు: నెగెటివ్ గాజు మీద వెండితో ఏర్పడింది, దాన్ని దాచుకున్నవారు ఉన్నారు.

హైపో వాసన వచ్చే రోజులు

మనలో పెద్దవారికి గుర్తున్న స్టూడియోలది తర్వాతి కాలం. తెల్లసొన స్థానంలో జెలటిన్ పూసిన బ్రోమైడ్ పేపర్ వచ్చింది. డార్క్ రూంలో ఎర్ర బల్బు, ఎన్‌లార్జర్, డెవలపర్ ట్రే, హైపో ట్రే, ఆ తర్వాత నీళ్ల తొట్టి ఉండేవి. 1960లో ఏర్పడిన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ "ఇందు" పేరుతో దేశంలోనే సరుకు తయారు చేసింది. స్కూల్‌కు ఫొటోగ్రాఫర్ వచ్చాడంటే అది పండుగే. బెంచీలు బయటికి వచ్చేవి, పొడుగువాళ్లు వెనక్కి, పొట్టివాళ్లు ముందుకు, సార్లు మధ్యలో. అట్ట మీద అతికించిన ఫొటో కింద "కూర్చున్నవారు, నిల్చున్నవారు, ఎడమ నుంచి కుడికి" అని పేర్లు అచ్చయ్యేవి.

ఆ ఫొటోలో నలుపుగా కనిపించేది రంగు కాదు, సన్నటి వెండి రేణువులు. హైపోను నీళ్లతో బాగా కడిగితే ఆ వెండి తరాలు నిలుస్తుంది. తొందరలో సరిగా కడగకపోతే మిగిలిపోయిన హైపో కొన్నేళ్లకు ఫొటోను పసుపు పచ్చగా మారుస్తుంది. ఒకే స్టూడియోలో తీసిన రెండు ఫొటోల్లో ఒకటి బాగుండి ఒకటి చెడిపోవడానికి చాలాసార్లు నీళ్ల తొట్టే కారణం.

రంగుల ఫొటోలో ఈ వెండిని కడిగి తీసేస్తారు. మిగిలేది మూడు రసాయన రంగులు మాత్రమే. అప్పటి కాగితాల్లో నీలం వైపు రంగు పెట్టెలో దాచినా మెల్లగా వెలిసిపోయేది, అందుకే ఆ ఫొటోలు ఎర్రబారాయి. తర్వాతి కాలపు కలర్ ల్యాబ్ కాగితాలు చాలా మెరుగుపడ్డాయి. కానీ అదే కాలంలో డిజిటల్ కెమెరా, ఆ తర్వాత ఫోన్ వచ్చి, కడిగించడమే మానేశాం.

చేర్యాల చెప్పే పాఠం

ఇంటి ప్రింటర్ విషయానికి వస్తే, దాన్ని అర్థం చేసుకోవడానికి దూరం పోనక్కరలేదు, మన జిల్లాలోని చేర్యాలకు వెళ్తే చాలు. అక్కడి నకాషీ కళాకారులు ఉత్త గుడ్డ మీద బొమ్మ వేయరు. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూత పెట్టి, ఆరిన తర్వాతే కుంచె పట్టుకుంటారు. పూత లేకపోతే రంగు గుడ్డలోకి ఇంకి అలుక్కుపోతుంది. సంప్రదాయంగా వారు వాడింది రాళ్లు, మట్టి, మసి నూరి చేసిన రంగులు. నకాషీ బాణీని ఆధారం చేసుకొని సిద్దిపేట పేరును దేశమంతా వినిపించిన కాపు రాజయ్య గారు కూడా ఈ సంప్రదాయపు బలం తెలిసినవారే.

ఫొటో ప్రింటర్‌లోనూ ఇవే రెండు సంగతులు: పూత, రంగు. ఫొటో పేపర్ అంటే పూత పెట్టిన కాగితం. మామూలు జిరాక్స్ కాగితం మీద ఎంత ఖరీదైన ప్రింటర్‌తో తీసినా ఫొటో తేలిపోతుంది. రంగుల్లో ఒకటి డై ఇంకు, అది నీళ్లలో పూర్తిగా కరిగిపోయే రంగు. మెరుపు బాగుంటుంది, కానీ వెలుతురుకూ గాలికీ తేమకూ తొందరగా లొంగుతుంది. రెండోది పిగ్మెంట్ ఇంకు, నూరిన రంగులాగా సన్నటి రేణువులుగా ఉంటుంది. ఖరీదెక్కువ, నిలకడా ఎక్కువ.

ఇంక్‌జెట్ ప్రింటర్లు 1980లలో మార్కెట్‌లోకి వచ్చినా, ఇంట్లో ఫొటో తీయగల స్థాయికి చేరింది 1990ల మధ్యలో. 2010 తర్వాత సీసాతో ఇంకు పోసుకునే ట్యాంక్ ప్రింటర్లు వచ్చి ఖర్చును బాగా తగ్గించాయి. ఇప్పుడు కొనేవారి ముందున్న దారులు ఇవి.

పిల్లల ప్రాజెక్టులు, ఆధార్ కాపీలు, అప్పుడప్పుడు ఫొటోలు అన్నీ కావాలంటే ట్యాంక్ ప్రింటర్ చాలు. వీటిలో చాలావాటికి నాలుగే రంగులు, నలుపు పిగ్మెంట్ అయినా మిగతావి డై ఇంకులే. ఫొటోలే ముఖ్యమైతే ఆరు రంగులది చూడాలి. అదనంగా ఉండే లేత రంగుల వల్ల ముఖాల్లో, ఆకాశంలో చుక్కలు కనిపించవు. వారానికి ఒక్క రంగుల పేజీ అయినా తీయకపోతే మన ఎండాకాలానికి నాజిళ్లు ఎండిపోతాయి. శుభ్రం చేసిన ప్రతిసారీ కొంత ఇంకు వృథా అవుతుంది.

ఎప్పుడో ఒకసారి మాత్రమే ఫొటో కావాలనుకునేవారికి, రిబ్బన్‌తో పనిచేసే చిన్న డై సబ్లిమేషన్ ప్రింటర్ నయం. రిబ్బన్ మీది రంగును వేడితో కాగితంలోకి ఎక్కించి, చివర పారదర్శకమైన పొర వేస్తుంది. ఎండిపోయే ఇంకు ఉండదు, ఒక్కో ఫొటోకు ఎంతో ముందే తెలుస్తుంది. కాకపోతే ఇంటికి దొరికేవి సాధారణంగా 4x6 అంగుళాలు దాటవు. లేజర్ ప్రింటర్ అక్షరాలకు మంచిది, ఫొటోలకు పనికిరాదు. ఏడాదికి యాభై ఫొటోలు కూడా తీయని ఇంటికి అసలు ప్రింటరే అక్కరలేదు, పట్టణంలో కలర్ ల్యాబ్‌కు ఇవ్వడమే చవక. అక్కడి కాగితం మీద ఇంకు చల్లరు, వెండి లవణాల కాగితాన్ని కాంతితో ముద్రించి కడుగుతారు. మన పాత స్టూడియో పద్ధతికి అది వారసురాలే.

మన పని

ప్రింటర్ కన్నా ముందు చేయవలసింది స్కానింగ్. 8x10 అంగుళాల గ్రూప్ ఫొటోలో అరవై మంది ఉంటే ఒక్కో ముఖం శనగగింజంత ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఆ ముఖాలు అలుక్కుపోతాయి. స్కానర్‌లో 600 డీపీఐ పెడితే 4800x6000 చుక్కలు వస్తాయి. మంచి ముద్రణకు అంగుళానికి 300 చుక్కలు చాలు కాబట్టి, దాన్ని రెట్టింపు సైజుకు కూడా పెంచుకోవచ్చు. అసలు సైజులోనే కావాలంటే ఇంట్లోని ఏ4 ప్రింటర్‌లోనే వస్తుంది. పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాలి. ముద్రించిన కాపీని పూర్తిగా ఆరనిచ్చి, ఎండ పడని గోడకు, అద్దానికి ఆనకుండా ఫ్రేమ్ కట్టించాలి. అసలు ఫొటోను చీకట్లో, చెమ్మ లేని చోట దాచాలి.

ఇంకొక పని ఏ యంత్రమూ చేయలేదు. అట్టలు చిరిగి, కింది పేర్లు పోయిన ఫొటోలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఎడమ నుంచి మూడో మనిషి ఎవరో చెప్పగలిగేది ఆనాటి గురువులు, మొదటి బ్యాచ్‌ల వాళ్లు మాత్రమే. వాళ్ల సంఖ్య ఏటా తగ్గుతోంది. వెలిసిన రంగును కంప్యూటర్‌లో కొంతైనా సరిదిద్దవచ్చు గానీ, మరిచిపోయిన పేరును తిరిగి తేలేం. కాబట్టి మిత్రులు ఈ సెలవుల్లో ఒక్క గ్రూప్ ఫొటో పెద్ద కాపీ తీయించుకొని, దగ్గరలో ఉన్న సారు ఇంటికో టీచరమ్మ ఇంటికో వెళ్లి, వరుసల వారీగా పేర్లు అడిగి రాసుకోవాలని మనవి. ఆ కాగితాన్ని ఫొటో వెనకే దాచండి, ఒక ప్రతి సంఘానికి ఇవ్వండి.