ఆటలో దక్కని సగం: వరంగల్ ట్రాన్స్‌జెండర్ యువత, వాడకట్టు మైదానం

తెలంగాణలో కబడ్డీ ఆటే, బతుకమ్మ చుట్టూ తిరిగేదీ ఆటే. ఒకే మాటలో క్రీడా ఉంది, నృత్యమూ ఉంది. ట్రాన్స్‌జెండర్ మనుషులకు మన సమాజం ఇందులో రెండోదాన్నే వదిలింది. వరంగల్ దగ్గరి ఐనవోలు మల్లన్న జాతరలో శివసత్తుగా శిగమూగితే దండం పెట్టే ఊరే, అదే మనిషి వాలీబాల్ కోర్టులోకి దిగితే నవ్వుతుంది. దక్కకుండా పోయిన ఆ మొదటి సగం గురించే ఈ వ్యాసం.

నిజానికి నృత్యమైనా నిరాటంకంగా దక్కలేదు. వరంగల్ నిజాం రాజ్యంలో ఒక సుబా కేంద్రంగా ఉన్న కాలంలో, 1329 ఫస్లీలో (1919) ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం 'నపుంసకులు' అని పేరుపెట్టినవాళ్లు ఆడవేషంతో, నగలతో వీధిలో కనిపించినా, నలుగురిలో పాడినా, ఆడినా పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. వాళ్ల పేర్లకు ఒక రిజిస్టరు కూడా. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరుల పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2023 జులై 6న దాన్ని కొట్టేసింది. ఆ చట్టం గురిపెట్టింది వేషం మీద మాత్రమే కాదు, నలుగురు తిరిగే చోటు మీద కూడానని నా అభిప్రాయం. మైదానమూ అలాంటి చోటే. శతాబ్దం పాటు నేరమన్న పనిని ఒక తీర్పు మర్నాటికల్లా మామూలు పనిగా మార్చలేదు.

ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు ఆటల్లో వివక్ష లేని అవకాశం కల్పించే బాధ్యతను 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలోని 13వ సెక్షన్ విద్యాసంస్థల మీద పెట్టింది. మంచిదే. కానీ ఆ హామీ బడి గోడ దాటి రాదు. 2011 జనగణనలో 'ఇతరులు'గా నమోదైనవారిలో అక్షరాస్యత 56 శాతం. దేశ సగటు 73. వెక్కిరింతలు పడలేక తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్లకు పీఈటీ సార్ ఉండడు, జట్టు ఉండదు. ఆమెకు మిగిలింది వాడకట్టు మైదానమే.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది: పోటీలో న్యాయం మాటేమిటి? మగ యవ్వనదశ దాటిన ట్రాన్స్ స్త్రీలు మహిళల విభాగంలో పోటీపడకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2023 మార్చిలో నిర్ణయించింది. అది అంతర్జాతీయ ర్యాంకింగ్ పోటీలకు చెందిన నియమం. పెద్ద పోటీలు మన దగ్గరా జరగకపోలేదు: 2021 సెప్టెంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. ఆ స్థాయి చర్చ వేరు. దాన్ని తెచ్చి సంక్రాంతికి యువజన సంఘం పెట్టే వాలీబాల్ పోటీ మీద మోపడం అన్యాయం. హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేశ్ దగ్గర సాధన చేసిన స్ప్రింటర్ ద్యుతీ చంద్ వివాదాన్నీ చాలామంది ఇందులో కలిపేస్తారు. ఆమె ట్రాన్స్‌జెండర్ కాదు. అది ఆమె శరీరంలో సహజంగా ఉన్న టెస్టోస్టెరాన్‌కు సంబంధించిన వ్యవహారం.

మనం చూడాల్సింది మణిపూర్ వైపు. అక్కడ యావోషాంగ్ పండక్కి పేటపేటనా ఆటలపోటీలు ఆనవాయితీ. 2020లో ఇంఫాల్‌లో 'యా ఆల్' అనే సంస్థ ట్రాన్స్‌జెండర్ ఫుట్‌బాల్ జట్టును నిలబెట్టింది. ఆటను పండగలో భాగం చేసుకున్న ఊళ్లో అలాంటి జట్టు పుట్టడం నాకు ఆశ్చర్యంగా అనిపించదు. సంక్రాంతి పోటీలున్న మనకూ ఆ పునాది ఉంది. దరఖాస్తులో మూడో గడి, గడియపడే బట్టలు మార్చుకునే గది, పిల్లలను వాళ్లు ఎంచుకున్న పేరుతోనే పిలిచే ఒక కోచ్: మొదలుపెట్టడానికి ఇవి చాలు. విడిగా ఒక జట్టు కట్టాలా, అందరిలో కలపాలా అన్నది ఆడేవాళ్లే తేల్చుకోవాలి.

మైదానం అవసరం ఆటకే కాదు, కొలువుకూ. 2024 డిసెంబరులో హైదరాబాద్ గోషామహల్ స్టేడియంలో ట్రాఫిక్ అసిస్టెంట్ కొలువులకు ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెట్టారు. 58 మంది బరిలోకి దిగితే 44 మంది నెగ్గారు. అందులో 800 మీటర్ల పరుగూ ఉంది. నెలల తరబడి కాళ్లకు అలవాటు చేయనిదే ఆ దూరం లొంగదు. రేపు అలాంటి నోటిఫికేషన్ వరంగల్‌కు వస్తే, ఇక్కడి పిల్లలు తెల్లవారుజామున ఏ మైదానంలో పరుగెత్తుతారు? వాళ్ల పక్కన ఎవరు పరుగెత్తుతారు?