అవధాని ధారణ

ఒక్కసారి విన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలవాణ్ణి తెలుగులో ఏకసంథాగ్రాహి అంటారు. సంథ అంటే గురువు చెప్పి శిష్యుల చేత వల్లె వేయించే పాఠం. ఫోటోగ్రాఫిక్ మెమరీ కెమెరా వచ్చాక పుట్టిన మాట, కంటికి చెందినది. ఏకసంథాగ్రాహి చెవికి చెందిన మాట. ఆ చెవి జ్ఞాపకానికి నిండు సభలో జరిగే పరీక్ష అవధానం.

19వ శతాబ్దిలో మాడభూషి వేంకటాచార్యులు వంటివారు అవధానాలు చేసినా, ఆ విద్యను సంస్థానాలకూ ఊళ్లకూ తిప్పి జనం నోట నానేలా చేసినవారు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి కలిసి ఆ శతాబ్ది చివరి నుంచి చేసిన శతావధానాల తరవాతే అది పండితుల ముచ్చట స్థాయి దాటింది. వారికి దీటుగా కొప్పరపు సోదర కవులు వచ్చారు. రెండు జంటల మధ్య సాగిన వాదాలూ జనానికి వేడుకే.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవారు, ఉంటారు. నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరాలు రాకుండా పద్యం), సమస్య (ఇచ్చిన పాదానికి పూరణ), దత్తపది (ఇచ్చిన పదాలతో పద్యం), వర్ణన అడిగినవారికి అవధాని ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెబుతూ నాలుగు ఆవృత్తులు తిరుగుతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి కొంటె ప్రశ్నలతో గిల్లుతూనే ఉంటాడు. కాగితం, కలం పృచ్ఛకుల దగ్గరే. చివర పద్యాలన్నీ వరుసగా అప్పజెప్పడమే ధారణ. శతావధానంలో నూరుగురికీ తలా ఒక పద్యం చెబితే గుర్తుంచుకోవలసినవి 400 పాదాలు.

ఇన్ని పాదాలు నిలవడంలో ఛందస్సు పాత్ర పెద్దది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, ఏది గురువో ఏది లఘువో ముందే ఖాయం. పదో అక్షరం మొదటిదానితో యతి కలవాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు ప్రాసగా రావాలి. మొదటి పాదం అందితే మిగిలిన మూడింటి ప్రాస అందినట్టే. పైగా పద్యం అవధాని సొంత అల్లిక, అడిగిన విషయం దానికి కొక్కెం. అవధానంలో మరో అంశమైన గంటల లెక్కకు మాత్రం ఈ ఆసరా లేదు. ఎవరో ఎప్పుడో కొట్టే గంటలను పద్యం అల్లుతూనే లెక్కపెట్టాలి. అక్కడ కావలసింది పాండిత్యం కాదు, ఏమరుపాటు లేకపోవడం.

కొన్ని అవధానాల్లో చదరంగం కూడా ఒక అంశం. ఆ ఆట మీదే మనస్తత్వ పరిశోధకులు విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో ఒక ప్రయోగం ప్రచురించారు. నిజమైన ఆటలోని పావుల అమరికను అయిదు సెకన్లు చూపితే ఆరితేరిన ఆటగాడు చాలామటుకు తిరిగి పేర్చాడు. పావులను అడ్డదిడ్డంగా పెడితే అతని ఆధిక్యం దాదాపు మాయమైంది. అతని కన్ను బొమ్మ తీయలేదు, తెలిసిన పొందికలను పట్టుకుంది. చూసిన బొమ్మ కాసేపు కళ్ల ముందే నిలవడం కొద్దిమంది పిల్లల్లో కనిపిస్తుంది. అదీ కాసేపటికే చెదురుతుంది, తప్పులూ ఉంటాయి. పెద్దవాళ్లలో ఫోటో వంటి జ్ఞాపకం ఉన్నదని నమ్మదగిన రుజువు లేదు.

అభ్యాసంతో జ్ఞాపకం పెరుగుతుందనడానికి మాత్రం రుజువులున్నాయి. తెలిసిన ఇంట్లో ఒక్కో చోట ఒక్కో మాటను ఊహలో ఉంచే పాత గ్రీకు పద్ధతిని ఆరు వారాలు నేర్పితే, 72 మాటల్లో సగటున 26 చెప్పగలిగినవారు 62 దాకా చెప్పారని 2017లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అవధాని సాధన ఇంకా సుదీర్ఘం. చిన్ననాటి అమరకోశం, వేల పద్యాలు, వ్యాకరణం నోటికి వచ్చాక అష్టావధానం. అది కుదిరాక శతం, సహస్రం. 1996లో కాకినాడలో గరికిపాటి నరసింహారావు చేసిన మహా సహస్రావధానం 1116 మంది పృచ్ఛకులతో 21 రోజులు సాగింది.