‘పుట్ అప్’ అనే మాట కథ: పాత అర్థాలు ఎక్కడ బతికుంటాయి?

“వేర్ ఆర్ యు పుటింగ్ అప్?” అని మన పెద్దవాళ్ళు కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళను అడిగేవాళ్ళు. ఎక్కడ బస చేసినారు అని దాని భావం. ఇప్పటి పిల్లలకు ఇది నవ్వులాట. “అది ఇంగ్లీషు కాదు, ఇండియన్ ఇంగ్లీషు” అంటారు. ఇండియా వాళ్ళు చేసే తప్పులని పుస్తకాల్లో ఇచ్చే పట్టీల్లో కూడా ఈ వాక్యం తరచు కనబడుతుంది.

ఇదే మాదిరి నవ్వు మనకు ఇంకోటి తెలుసు. హోసూరు నుంచో మధుర నుంచో బళ్ళారి నుంచో పెళ్ళికి ఆంధ్రాకు పోయి “కూడు తింటిమి” అంటే అక్కడి చుట్టాలు మొహాలు చూసుకుంటారు. “ఇదేం తెలుగు?” అంటారు.

ఈ రెండు నవ్వులకూ వేరు ఒకటే అని చెప్పడానికే ఈ వ్యాసం. ముందు ఇంగ్లీషు మాట చరిత్ర చూద్దాం, తర్వాత మన ఇంటికి వద్దాం.

క్రియ చిన్నది, తోక పెద్దది

ఇంగ్లీషులో ఒక చిన్న క్రియ పక్కన అప్, డౌన్, ఆఫ్, అవుట్ లాంటి తోక తగిలించి కొత్త అర్థం పుట్టించడం పాత అలవాటు. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే ఈ రకం క్రియలు పరాయి వాళ్ళకు అన్నిటికంటే కష్టం అని ఒప్పుకున్నాడు. వీటికి ‘ఫ్రేజల్ వర్బ్’ అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన పుస్తకంలో ఆ పేరు వాడుతూ, దాన్ని సూచించింది నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పినాడు. అంటే పేరు లేకుండానే కొన్ని వందల ఏళ్ళు జనం వీటిని వాడుకున్నారు.

‘పుట్’ అంటే మొదట్లో పెట్టడం కాదు, నెట్టడం. గుండు విసిరే ఆటను ఇప్పటికీ ‘షాట్ పుట్’ అంటున్నాం కదా, ఆ పాత అర్థం అక్కడ నిలిచింది. ‘అప్’ అంటే ఎప్పుడూ పైకి అనే కాదు. పని పూర్తయింది, వస్తువు మూత పడింది అనే భావం కూడా దానిలో ఉంది. ‘ఈట్ అప్’, ‘లాక్ అప్’ చూడండి. మనం ఇదే పనికి ఇంకో క్రియను తోడు తెచ్చుకుంటాం: తినెయ్యి, మూసెయ్యి. వాళ్ళది తోక, మనది జోడీ.

కత్తి నుంచి ఓర్పు దాకా

‘పుట్ అప్’కు ఉన్న పాత అర్థాల్లో ఒకటి: బయటికి తీసినదాన్ని దాని చోట తిరిగి పెట్టెయ్యడం. ముఖ్యంగా కత్తిని ఒరలో పెట్టడం. షేక్‌స్పియర్ నాటకాల్లో పాత్రలు తగువులాడేవాళ్ళతో ఈ మాటే అంటాయి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో యేసు తన శిష్యుడితో కత్తి లోపల పెట్టు అన్నప్పుడూ ఈ క్రియే ఉంది.

కత్తి లోపలికి పోయిందంటే ఏమిటి? పగ తీర్చుకోలేదు అని. అక్కడి నుంచి ఇంకో అర్థం సులభంగా వచ్చింది. అవమానాన్ని ‘పుట్ అప్’ చేసినాడు అంటే ప్రతీకారం లేకుండా మింగేసినాడు అని. జాన్సన్ నిఘంటువులో ఈ అర్థం వేరుగానే ఇచ్చినాడు. అప్పట్లో వెనక ‘విత్’ లేదు. 18వ శతాబ్దంలో ‘విత్’ చేరింది, ‘పుట్ అప్ విత్’ అయింది, అర్థం ఓర్చుకోవడం అయింది. ఈ రోజు స్కూల్లో నేర్పేది ఇదే. కత్తి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మనకు దీనికి సరిజోడు మాట ఒకటి ఉంది. “తప్పుంటే కడుపులో పెట్టుకోండి” అంటాం. వాళ్ళు అవమానాన్ని ఒరలో పెట్టినారు, మనం కడుపులో పెట్టుకున్నాం. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మనిషి ఓర్పును ఊహించుకునే తీరు రెండు దేశాల్లోనూ ఒకటే అయింది.

గుర్రం కట్టేసినవాడు, గుర్రం దిగినవాడు

ఇప్పుడు బస సంగతి. రైలు లేని కాలంలో ఇంగ్లండులో ప్రయాణం అంటే గుర్రం, గుర్రపు బండి. రాత్రి పడితే దారిలో ఉన్న సత్రం చేరాలి, ముందు గుర్రాన్ని లాయంలో పెట్టాలి. గుర్రాన్ని లోపల కట్టెయ్యడాన్ని ‘పుట్ అప్’ అన్నారు. గుర్రం ఎక్కడ ఉంటే మనిషీ అక్కడే కాబట్టి మనిషి బస చెయ్యడానికీ అదే మాట వచ్చింది. 18వ, 19వ శతాబ్దాల ఇంగ్లీషు నవలల్లో ఫలానా సత్రంలో ‘పుట్ అప్’ అయినాడు అనే మాట మామూలు. అది ఎవరి తప్పూ కాదు, ఆ కాలపు సరైన ఇంగ్లీషు.

మన భాష ఇదే పనిని తలకిందులుగా చూసింది. “ఎక్కడ దిగినారు?” అంటాం. గుర్రం మీద నుంచో బండి మీద నుంచో దిగడమే బస చెయ్యడం అయింది. పెళ్ళివాళ్ళను విడిదిలో ‘దింపుతాం’. వాళ్ళకు ‘అప్’ అయింది మనకు ‘దిగు’ అయింది. వాళ్ళ కన్ను జంతువు మీద, మన కన్ను మనిషి మీద. అంతే తేడా.

కంపెనీ వాళ్ళు దక్షిణాదికి వచ్చినప్పుడు వాళ్ళ ‘పుట్ అప్’ మన ఊళ్ళలోకి వచ్చింది. దారి పక్క చావడిలో బస చేసినారు. ఆ చావడినే ‘చౌల్ట్రీ’ అన్నారు. 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ నిఘంటువు ఈ ‘చౌల్ట్రీ’ దగ్గర మన ‘చావడి’ని చూపించింది. మన మాట వాళ్ళ నోట్లోకి, వాళ్ళ మాట మన నోట్లోకి పోయినాయి.

తర్వాత ఇంగ్లండులో లాయాలు పోయినాయి, హోటళ్ళు వచ్చినాయి, జనం ‘స్టే’ అనడం మొదలుపెట్టినారు. ఒకరిని ఇంట్లో ఉంచుకోవడం అనే అర్థంలో ‘పుట్ అప్’ అక్కడ ఇంకా ఉంది గానీ, “నువ్వు ఎక్కడ పుటింగ్ అప్?” అని అడగడం బాగా తగ్గిపోయింది. ఇక్కడ మాత్రం నిలిచింది. మన తాతలు కనిపెట్టిన తప్పు కాదది, ఇంగ్లండు వాళ్ళు వదిలేసి పోయిన పాత సరుకు.

ఫైలు పుటప్ చేసినావా?

మన దగ్గర ఇంకా గట్టిగా నిలిచిన అర్థం ఆఫీసుది. గుమస్తా కాగితం మీద నోటు రాసి, పాత కాగితాలు జత చేసి, పై అధికారి ముందు పెట్టడం ‘పుటప్’. తహసీల్దారు ఆఫీసులో ఇది రోజూ వినబడే మాట. “ఫైలు పుటప్ చేసినావా?” అనే ప్రశ్నలో ఇంగ్లీషు క్రియ పూర్తిగా తెలుగు నామవాచకం అయిపోయింది, వెనక మన ‘చెయ్యి’ తగిలింది. ఇప్పటి లండన్ మనిషితో ఫైలు ‘పుట్ అప్’ చెయ్యమంటే గోడకు తగిలించాలేమో అనుకుంటాడు.

కానీ దీనికీ ఇంగ్లండులో తాత ఉన్నాడు. 17వ శతాబ్దంలో రాజుకు అర్జీ, దేవుడికి ప్రార్థన ‘పుట్ అప్’ చేసేవాళ్ళు. కింద ఉన్నవాడు పైన ఉన్నవాడికి విన్నవించుకోవడం అన్నమాట. ఆ భావమే మన ఆఫీసు మెట్ల మీద కూర్చుంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఆఫీసు నడక చాలా కట్టుదిట్టంగా ఉండేది. ఐసీఎస్ అధికారి టాటెన్‌హామ్ పేరు మీద వచ్చిన పద్ధతి ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాఫీసుల్లో స్వాతంత్ర్యం తర్వాత కూడా సాగింది. మన పటం గుర్తు చేసుకోండి. హోసూరు అప్పట్లో సేలం జిల్లాలోది. బరంపురం, గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా మద్రాసు కిందే. బళ్ళారి 1953లో మైసూరులో కలిసేదాకా మద్రాసు కిందే. ఈ మూడు చోట్ల మన తాతలు ఒకే రకం ఆఫీసు మెట్లు ఎక్కినారు. షోలాపూరు మనవాళ్ళు బొంబాయి ప్రెసిడెన్సీలో, అయినా అదీ ఇంగ్లీషు ఆఫీసే. యానాం మాత్రం వేరు. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన. చుట్టూ ఉన్న గోదావరి ఊళ్ళలో కచేరీ భాష ఇంగ్లీషు అయితే యానాంలో ఫ్రెంచి. ఇంట్లో తెలుగు ఒకటే అయినా, ఆఫీసుకు పోయి తెచ్చుకున్న మాటలు ఎవరి పాలకుల నుంచి వాళ్ళకు వచ్చినాయి.

పెట్టేవాళ్ళు, వేసేవాళ్ళు

‘పుట్ అప్’కు ఇంకా చాలా అర్థాలు ఉన్నాయి. వాటిని తెలుగులో చెప్పి చూస్తే ఒక వింత కనబడుతుంది. వేలానికి ‘పుట్ అప్’ చెయ్యడం మనకు వేలానికి పెట్టడం. ఎన్నికల్లో అభ్యర్థిని ‘పుట్ అప్’ చెయ్యడం నిలబెట్టడం. డబ్బు ‘పుట్ అప్’ చెయ్యడం పెట్టుబడి పెట్టడం. అమెరికా పల్లెల్లో పండ్లు, కూరగాయలు సీసాల్లో నిలవ చెయ్యడాన్ని కూడా ‘పుట్ అప్’ అంటారు. మనం ఆవకాయ పెడతాం! అర్జీ కూడా పెట్టుకుంటాం.

దొంగల పాత పరిభాషలో మాత్రం ఇది వేరే దారి పట్టింది. లోపలి మనిషితో ముందే మాట్లాడుకుని చేసే దొంగతనం ‘పుట్ అప్’. డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’లో పోలీసులు దీని గురించే చర్చించుకుంటారు. ఇక్కడ మన ‘పెట్టు’ పనికి రాదు.

ఇప్పుడు మన వైపు చూడండి. తమిళంలో ఊరగాయ ‘పోడు’తారు, అర్జీ కూడా ‘పోడు’తారు. కన్నడంలో రెంటికీ ‘హాకు’. రెండు క్రియలకూ తెలుగు ‘వేయు’. అందుకే హోసూరు, బెంగళూరు వైపు మన ఇళ్ళల్లో కొన్నిట “ఊరగాయ ఏసినాము”, “అర్జీ ఏసినాము” వినబడుతుంది. కోస్తా వాళ్ళు పెడతారు, మనం వేస్తాం. ఇది పాత తెలుగు కాదు, పక్కింటి భాష గాలి. దాచాల్సిన పని లేదు. నాలుగైదు వందల ఏళ్ళు పక్కపక్కన బతికితే గాలి తగలకుండా ఉంటుందా?

మరి ‘కూడు’?

‘కూడు’ సంగతి అలా కాదు. నిఘంటువు తీస్తే కూడు అంటే అన్నం అనే ఉంటుంది. తిట్టు కాదు, మోటు కాదు. కోస్తాలో కాలం గడిచే కొద్దీ ‘అన్నం’, ‘భోజనం’ పెద్దరికం తెచ్చుకున్నాయి, కూడు కిందికి జారింది. అక్కడ కూడా ‘కూడు, గూడు, గుడ్డ’ అనే ఉపన్యాసపు మాటలో అది గౌరవంగానే మిగిలింది. విజయనగర, నాయకరాజుల కాలాల్లో దక్షిణానికి వచ్చినవాళ్ళు జారకముందు మాటను మూట కట్టుకొచ్చినారు, అలాగే వాడుకుంటున్నారు. ‘తింటిమి’, ‘పోతిమి’, ‘వస్తిని’ కూడా అంతే. పుస్తకాల్లో చదివితే గ్రాంథికంలా ఉంటుంది, మన ఇళ్ళల్లో, రాయలసీమలో పొయ్యి దగ్గర వినబడుతుంది.

‘పుటింగ్ అప్’ ఇంగ్లీషుకు ఎలాంటిదో, ‘కూడు’ తెలుగుకు అలాంటిది. నడిమధ్యలో భాష మారిపోయింది, అంచుల్లో పాతది నిలిచింది. మారినవాళ్ళు నిలిచినవాళ్ళను చూసి నవ్వుతున్నారు.

నవ్వితే ఏం పోయింది అంటారేమో. పోతుంది. ‘పుటింగ్ అప్’ పోతే ఇంగ్లీషుకు నష్టం లేదు, దానికి ప్రపంచమంతా దిక్కుంది. మన ఇంటి తెలుగుకు మన నోళ్ళే దిక్కు. పిల్లవాడి మాటను ఒకసారి ఎగతాళి చేస్తే, వాడు ‘మంచి తెలుగు’ నేర్చుకోడు. చుట్టాల ముందు నోరు మూసుకుంటాడు, ఇంట్లో తమిళంలోకో కన్నడంలోకో మరాఠీలోకో మారిపోతాడు. అవ్వ అడిగినదానికి వేరే భాషలో జవాబు వచ్చే ఇళ్ళు మనకు తెలియనివి కావు.

కాబట్టి ఇకమీదట ఎవరైనా మీ మాట తప్పు అంటే, వెంటనే దిద్దుకోకండి. రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది పాత తెలుగా? నిఘంటువులో, రాయలసీమ నోట్లో ఉందా? లేకపోతే పక్కింటి భాష నుంచి వచ్చిందా? మొదటిదైతే అది మీ తాతల ఆస్తి. రెండోదైతే మీ తాతలు ఎవరి పక్కన బతికినారో చెప్పే సాక్ష్యం. రెండూ చరిత్రే.

మీ ఇంట్లో పెద్దవాళ్ళను నాలుగు అడగండి: ఊరగాయను ఏం చేస్తారు, పెడతారా, వేస్తారా? అర్జీని ఏం చేస్తారు? ఊరికి వచ్చినవాడు ఎక్కడ ‘దిగినాడు’ అంటారా, ఇంకేమైనా అంటారా? ఓర్చుకోమని చెప్పాలంటే ఏ మాట వస్తుంది? జవాబులు ఊరి పేరుతో సహా రాసి పంపండి. బరంపురం, షోలాపూరు, యానాం వాళ్ళ జవాబుల కోసం ప్రత్యేకంగా చూస్తుంటాము, ఎందుకంటే అక్కడి పక్కింటి గాలి వేరు.

పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాయండి. దిద్దకండి.