గుడ్డపూలు: చేసే పద్ధతి, కూలి లెక్క, జాగ్రత్తలు

పెళ్లిళ్ల సీజను మొదలైతే చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలతో పాటు గోటా, కినారీ, రిబ్బన్ అమ్మే దుకాణాల ముందూ నిలబడటానికి చోటుండదు. మంజే, మెహందీ వేడుకల్లో దుల్హన్‌కి ఒకప్పుడు మల్లె, గులాబీ నగలే వేసేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో గోటాతోనో శాటిన్‌తోనో చేసిన టీకా, ఝూమర్, చేతి గజ్రాలు వేస్తున్నారు. కారణం తెలిసిందే. సీజనులో మల్లెల ధర చుక్కలనంటుంది, తెల్లారేసరికి పూలు నల్లబడతాయి. గుడ్డపువ్వు అట్లా కాదు. అక్క పెళ్లికి చేయించింది చెల్లెలి పెళ్లికీ పనికొస్తుంది.

ఈ పని ఎక్కువగా ఇళ్లలోనే జరుగుతుంది. సూది, దారం, కత్తెర, కొవ్వొత్తి ఉంటే చాలు కాబట్టి గడప దాటకుండా నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చని చాలామంది ఆడవాళ్లు దిగుతారు. ఆ నాలుగు రూపాయలు నిజంగా మిగులుతాయా అన్నది వేరే సంగతి. అది తర్వాత చూద్దాం.

ముందు బట్ట సంగతి. పువ్వు నిలబడేదీ పాడయ్యేదీ బట్టను బట్టే. కొనే ముందు అంచు నుంచి ఒక పోగు లాగి నిప్పుకు చూపిస్తే అసలు రంగు బయటపడుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. కొవ్వొత్తి మీద అంచులు కాల్చి చేసే పూలకు పాలిస్టర్ శాటిన్, ఆర్గంజా మాత్రమే పనికొస్తాయి. నూలు బట్ట కరగదు, అంటుకుంటుంది.

అంచు కాల్చే పద్ధతి ఇది. పది, ఎనిమిది, ఆరు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పున గుండ్రటి ముక్కలు కోయాలి, ఒక్కో సైజుకు రెండేసి. గీత గీసినట్టు కచ్చితంగా ఉండనక్కర్లేదు. కాస్త వంకరగా ఉంటేనే పువ్వు సహజంగా కనిపిస్తుంది. ఒక్కో ముక్కకు అంచు నుంచి మధ్య వైపు ఐదు గాట్లు పెట్టాలి, నడుమ కొంచెం వదిలేయాలి. తర్వాత ముక్కను మంట పక్కన తిప్పుతూ పోతే అంచు కరిగి ముడుచుకుంటుంది, పోగులు రావు. మంట కొస దగ్గర పెడితే మసి అంటి తెల్ల బట్ట నల్లగా అయిపోతుంది. మంట అడుగున నీలంగా ఉండే భాగం పక్కన పట్టుకుంటే మసి తక్కువ. పెద్ద ముక్క కింద, చిన్నది పైన వచ్చేలా పేర్చి, రేకలు ఒకదాని మీద ఒకటి పడకుండా కొంచెం కొంచెం తిప్పి, మధ్యలో సూదితో కుట్టి ముత్యం బిగిస్తే పువ్వు సిద్ధం.

మంట వద్దనుకునేవాళ్లకు రిబ్బన్ గులాబీ ఉంది. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న రిబ్బన్‌ని 60 సెంటీమీటర్లు తీసుకుని, ఒక అంచు వెంట జంట దారంతో పొడుగు కుట్లు వేసి దారం లాగితే కుచ్చులు పడతాయి. ఒక కొస నుంచి చుట్టుకుంటూ ప్రతి చుట్టుకీ అడుగున ఒక కుట్టు వేయాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అంతా చుట్టేసి చివర్లో కుట్టడంతో నాలుగు రోజులకే పువ్వు విచ్చిపోతుంది. 20 మీటర్ల రిబ్బన్ చుట్టకు ఇలాంటి పూలు 33 వస్తాయి.

నూలు, పట్టు పూలకు గంజి కావాలి. బట్టకు ముందే చిక్కటి గంజి పెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాత రేకలు కోయాలి. రేకను ఐమూలగా కోస్తే పోగులు తక్కువగా వస్తాయి, వంపు కూడా బాగా తిరుగుతుంది. మెత్తటి దిండు మీద రేక పెట్టి, వేడి చేసిన స్టీలు చెంచా వీపుతో నొక్కితే గిన్నెలా గుంట పడుతుంది. పారిస్‌లో 1880లో మొదలైన లెమారియే అనే కార్ఖానాలో ఇప్పటికీ పూలు చేత్తోనే చేస్తారు. అక్కడి కెమెలియా పూలు షనెల్ దుస్తుల మీదికి వెళ్తాయి. వాళ్ల పనిముట్లు ఖరీదైనవి, కానీ రేకకు వేడితో వంపు తేవడమన్న కిటుకు ఒకటే.

గోటా కథ వేరు. పాత గోటా వెండి, బంగారు పూత తీగతో నేసినది. అందుకే ఖడా దుపట్టా చిరిగిపోయినా దాని గోటాను ఊడదీసి దాచేవారు, కాల్చి వెండి తీసేవారు. ఇప్పుడు బజారులో దొరికేది ఎక్కువగా మెరుపు ప్లాస్టిక్ పొరతో నేసింది. కాలిస్తే వాసన తప్ప ఏమీ రాదు. అయితే తేలిక, చవక, రంగులు బోలెడు.

ఇక కూలి లెక్క. డజనుకు 60 రూపాయలు ఇస్తామంటే వినడానికి బాగానే ఉంటుంది. ఒక పువ్వుకు 12 నిమిషాలు పట్టిందనుకోండి, డజనుకు 144 నిమిషాలు. అంటే గంటకు 25 రూపాయలు. దారం, కొవ్వొత్తి, సరుకు తెచ్చి ఇచ్చే ఆటో ఖర్చు మనవే అయితే అదీ మిగలదు. అందుకే రేటు ఒప్పుకునే ముందు గడియారం ముందు పెట్టుకుని పది పూలు చేసి చూసుకోవాలి. సరుకు ఎవరిది, పాడైన పువ్వుకు కోత ఎంత, డబ్బు ఎప్పుడు ఇస్తారు అన్నవి చిన్న నోటు పుస్తకంలో రాయించుకోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ఇంట్లో కూర్చుని చేసేవాళ్లూ అసంఘటిత కార్మికులే. 2021 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో వీళ్లూ ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు.

పువ్వు అందం చూసేవాళ్లకు చేతులు కనబడవు. 1861 నవంబరులో లండన్‌లో మెటిల్డా షూరర్ అనే 19 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె పని, కృత్రిమ ఆకుల మీద పచ్చ పొడి అద్దడం. ఆ పచ్చ రంగులో ఆర్సెనిక్ ఉంది. ఇప్పుడు ఆ రంగు లేదు గానీ ప్రమాదం పూర్తిగా పోలేదు. పాలిస్టర్ కాలిన పొగ మంచిది కాదు, కిటికీ తెరిచి చేయాలి. దుపట్టా వెనక్కి కట్టుకోవాలి, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకోవాలి, పసిపిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. గ్లూ గన్ జిగురు వేలి మీద పడితే లాగి పీకకూడదు. చర్మం ఊడి వస్తుంది. కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. టూత్‌పేస్టు, పసుపు రాయొద్దు.

తయారైన పూలను ప్లాస్టిక్ కవర్లో కుక్కితే నలిగిపోతాయి. అట్టపెట్టెలో పాత నూలు గుడ్డ పరిచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టాలి. గోటా పూల మీద అత్తరు చల్లొద్దు, పాత జరీ అయితే మరీను. మెరుపు పోయి నల్లబడుతుంది. నలిగిన శాటిన్ రేకను కెటిల్ ఆవిరికి కాసేపు దూరంగా పట్టుకుని వేళ్లతో సర్దితే మళ్లీ నిలబడుతుంది.